వెన్నులో వేడి లేచినప్పుడు

ధ్యానం మొదలుపెట్టి కొన్ని నెలలైంది. ఈమధ్య కూర్చోగానే నడుం కింద నుంచి వేడి లేస్తోంది. వెన్ను పొడుగునా చీమలు పాకుతున్నట్టుంది. ఒక్కోసారి తల దానంతటదే వెనక్కి వాలిపోతోంది, చేతులు ఎగిరిపడుతున్నాయి. రాత్రి రెండింటికి మెలకువ వస్తే తెల్లారేదాకా కన్ను మూతపడదు. మధ్యలో ఉన్నట్టుండి చెప్పలేనంత ఆనందం, చెట్టూ పిట్టా అందరూ నావాళ్లే అనిపించేంత ప్రేమ. మర్నాటికి అదంతా పోయి గుండెదడ, ఏదో అయిపోతోందన్న భయం. ఇంట్లో చెబితే మతి చెడిందంటారు. గురువుని అడుగుదామంటే ఆ గురువు ఫోన్‌లో వీడియోగా తప్ప ఎప్పుడూ ఎదురుపడలేదు.

ఇదేనా మీ పరిస్థితి? అయితే మీరు ఒంటరివారు కారు. మీకంటే ముందు ఇలాంటి రాత్రులు గడిపినవాళ్లున్నారు. వాళ్లలో లోకమంతా ఎరిగిన ఇద్దరు తెలుగువాళ్లు. ఒకరిది మదనపల్లె, మరొకరిది మచిలీపట్నం. వాళ్ల సంగతికి వద్దాం. ముందు మీరు ఎక్కడున్నారో చూద్దాం.

హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఉన్నవారికి పక్క వీధిలోనే యోగా కేంద్రం దొరుకుతుంది, మరో వీధిలో మానసిక వైద్యుడు దొరుకుతాడు. బాసగూడలో ఉన్నవారి మాటేమిటి? ఛత్తీస్‌గఢ్‌లోని బీజాపూర్ జిల్లాలో, తాలిపేరు ఒడ్డున ఉన్న ఊరది. ఆ నీళ్లే కిందికి వచ్చి మన చర్ల దగ్గర తాలిపేరు ప్రాజెక్టులో నిలుస్తాయి. సంతలో తెలుగు, గోండి, దోర్లి, హిందీ కలగలిసి వినిపిస్తాయి. ఆసుపత్రికి వెళ్లాలంటే ఆవపల్లి మీదుగా బీజాపూర్ పోవాలి. ఈ అధ్యాయం ఆ ఊళ్లోని సాధకుణ్ణి మనసులో పెట్టుకుని రాసింది. అక్కడ ఆచరించగల సలహా ఎక్కడైనా పనికొస్తుంది. పట్నంలో మాత్రమే కుదిరే సలహా బాసగూడలో అక్కరకు రాదు.

1. ముందు వేలికి సూది, తర్వాతే చక్రాల చర్చ

ఒంట్లో మంట, వణుకు, తలలో మబ్బు. వీటిని చూసి కుండలిని శక్తి లేచిందనుకునే ముందు ఒక మాట అడగండి: మలేరియా పరీక్ష చేయించారా? బాసగూడ ఉన్న బస్తర్‌లో ఇది అన్నిటికంటే ముందు రావలసిన ప్రశ్న. 2020 జనవరిలో ‘మలేరియా ముక్త్ బస్తర్’ కార్యక్రమం మొదలుపెట్టి, జ్వరం లేనివాళ్లకు కూడా ఇంటింటికీ వెళ్లి రక్తపరీక్షలు చేశారంటే ఆ జబ్బు అక్కడ ఎంతగా పాతుకుపోయిందో ఊహించండి. ఒంట్లో మలేరియా ఉండి పైకి జ్వరం కనిపించనివాళ్లూ ఉంటారు. అది మెదడుకు ఎక్కితే మనిషి మాట తడబడుతుంది, లేనివి కనిపిస్తాయి. మీ పాడాలో ఉండే ఆరోగ్య కార్యకర్త మితానిన్ దీదీ దగ్గర పరీక్ష కిట్టు ఉంటుంది. వేలిమీద ఒక్క చుక్క రక్తం, పావుగంట సమయం. అంతకంటే చవకైన జాగ్రత్త మరొకటి లేదు.

మలేరియా లేదని తేలితే ఇంకో మూడు సంగతులు చూసుకోండి. థైరాయిడ్ గ్రంథి మితిమీరి పనిచేస్తే ఒళ్లు వేడెక్కుతుంది, చేతులు వణుకుతాయి, నిద్ర తగ్గుతుంది, తిన్నా బరువు పడిపోతుంది. బి12 విటమిన్ తగ్గితే కాళ్లూ చేతులూ తిమ్మిరెక్కుతాయి, చీమలు పాకినట్టుంటుంది. సాధన కోసమని మాంసం, గుడ్డు, పాలు అన్నీ ఒకేసారి మానేసినవాళ్లు ఏళ్లు గడిచేకొద్దీ ఈ లోపం పాలబడే అవకాశం ఎక్కువ. చేతులు ఎగిరిపడి, ఆ కాసేపట్లో ఏం జరిగిందో గుర్తులేకపోతే అది మూర్ఛ కావచ్చు. ఇవన్నీ చాలావరకు మందులకు లొంగేవే.

ఇంకొకటి కూడా ఉంది. దాన్ని చాలామంది పట్టించుకోరు. భస్త్రిక లాంటి ప్రాణాయామాలు వేగంగా, ఎక్కువసేపు చేస్తే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పడిపోతుంది. పెదాలు, వేళ్లు జివ్వుమంటాయి, తల తేలిపోతుంది, వేళ్లు కొంకర్లు పోతాయి. మామూలుగా ఊపిరి తీసుకుంటే కాసేపట్లో సర్దుకుంటుంది. దీన్నే శక్తి లేచిందని సంబరపడి మర్నాడు రెట్టింపు చేసేవాళ్లున్నారు.

పరీక్ష చేయించుకోవడం దైవాన్ని శంకించడం అవుతుందా? కాదు. పరీక్షలన్నీ బాగున్నాయని తెలిశాక భయం సగం తగ్గుతుంది. మిగిలింది సాధన సంగతి.

2. సాధన ఆపండి, ఈ రోజే

ఈ సలహా ఎవరికీ నచ్చదు. ఇంత దూరం వచ్చాక ఆపడమా, ఇంకొంచెం గట్టిగా చేస్తే దాటేస్తాను కదా అనిపిస్తుంది. కష్టాల్లో పడ్డ సాధకులు ఎక్కువగా చేసే పొరపాటు ఇదే.

కశ్మీరుకు చెందిన గోపీకృష్ణ కథ ఇక్కడ తెలుసుకోవాలి. 1903లో పుట్టాడు. ప్రభుత్వ గుమాస్తా, సంసారి. పదిహేడేళ్లపాటు రోజూ తెల్లవారుజామున లేచి ధ్యానం చేశాడు. 1937 డిసెంబరులో జమ్మూలో ఒక తెల్లవారుజామున కూర్చుని ఉండగా వెన్నులోంచి జలపాతంలా కాంతి తలలోకి ఎగసింది. ఆ ఆనందం మళ్లీ కావాలనిపించి వెంటనే మరో ప్రయత్నం చేశాడు. ఆ తర్వాత మొదలైంది నరకం. నిద్ర పోయింది. అన్నం చూస్తే వెగటు. ఒళ్లంతా నిప్పులు. భార్యాబిడ్డల మీద మమకారం కూడా ఎండిపోయినట్టనిపించింది. పిచ్చెక్కుతోందా, చచ్చిపోతున్నానా అన్నది తేల్చుకోలేని రోజులవి. దారి చూపేవాళ్లు దొరకలేదు. చావు అంచుదాకా వెళ్లిన ఒక రాత్రి, శక్తి కుడివైపు పింగళ నాడిలో లేచి ఉంటుందన్న ఆలోచన వచ్చి, ఎడమవైపు ఇడా నాడి మీద మనసు నిలిపాడు. వెండి తీగలాంటి చల్లదనం పాకి, మంట తగ్గిందని రాసుకున్నాడు. ఆ తర్వాత ఆయన్ని నిలబెట్టింది ఏమిటి? భార్య వేళ తప్పకుండా పెట్టిన తిండి. కడుపు ఖాళీ కాకుండా కొద్దికొద్దిగా, గంటల లెక్కన తినడం. 1967లో అచ్చయిన ఆయన ఆత్మకథలో చక్రాల వర్ణనలకంటే ఈ భోజనం పేజీలే కష్టంలో ఉన్నవారికి ఎక్కువ పనికొస్తాయి. కుదుటపడ్డాననుకుని కొన్నేళ్లకు మళ్లీ ధ్యానం పెంచినప్పుడు పాత బాధ తిరగబెట్టిందని కూడా ఆయనే రాశాడు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి.

పదిహేనో శతాబ్దపు హఠయోగ ప్రదీపికలో స్వాత్మారాముడు ముందే హెచ్చరించాడు. ప్రాణాయామం పద్ధతిగా చేస్తే రోగాలు పోతాయి, పద్ధతి తప్పితే ఎక్కిళ్లు, ఉబ్బసం, తలనొప్పి, చెవి నొప్పి, కంటి నొప్పి వస్తాయి. సింహాన్నీ ఏనుగునూ మచ్చిక చేసినట్టు మెల్లగా సాగమన్నాడు. ఆపడం ఓటమి కాదని చెప్పడానికి ఇంతకంటే పాత సాక్ష్యం అక్కర్లేదు.

కాబట్టి కుంభకం, బంధాలు, భస్త్రిక, గంటలకొద్దీ జపం, మౌన వ్రతం ఇవన్నీ పక్కన పెట్టండి. ఉదయం దీపం పెట్టి ఒక నమస్కారం చేసుకుంటే చాలు.

3. తోడు లేకుండా ఒక్క రాత్రి కూడా గడపకండి

1922 ఆగస్టు. కాలిఫోర్నియాలోని ఓహై లోయ. మదనపల్లెలో 1895లో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తికి అప్పుడు ఇరవై ఏడేళ్లు. పదిహేడో తేదీన మెడ వెనక నొప్పి మొదలైంది. ఒళ్లు కాలిపోయింది, వణికింది. మూలిగాడు, కలవరించాడు, తనను తాకవద్దన్నాడు. మూడు రోజులు గడిచాక సాయంత్రం ఇంటి ముందున్న మిరియపు చెట్టు కింద కూర్చుంటే అంతా నెమ్మదించింది. ఈ వివరాలు మనకెలా తెలుసు? పక్కన మనుషులున్నారు కాబట్టి. తమ్ముడు నిత్యానంద అన్నీ చూసి రాసిపెట్టాడు. రోజలిండ్ విలియమ్స్ అనే అమ్మాయి తల ఒళ్లో పెట్టుకుని ఊరడించింది. అమెరికా థియొసాఫికల్ సొసైటీ పెద్ద వారింగ్టన్ కాపలా ఉన్నాడు. ఆ తర్వాత కూడా ఈ ‘ప్రాసెస్’ ఏళ్ల తరబడి వచ్చిపోతూ ఉండేది, 1961లో ఆయన రాసుకున్న నోటుపుస్తకంలోనూ కనిపిస్తుంది. అన్నేళ్లలో ఎక్కువసార్లు ఎవరో ఒకరు దగ్గర ఉన్నారు.

మచిలీపట్నంలో 1918లో పుట్టి గుడివాడలో పెరిగిన యు.జి. కృష్ణమూర్తి సంగతీ అంతే. 1967 వేసవిలో స్విట్జర్లాండ్‌లోని సానెన్ లోయలో, నలభై తొమ్మిదేళ్ల వయసులో, ఏడు రోజులపాటు చూపు, వినికిడి, రుచి, స్పర్శ ఒక్కొక్కటిగా మారిపోయాయని చెప్పాడు. చక్రాలుంటాయని చెప్పేచోట్ల వాపులు వచ్చిపోయేవట. ఆ రోజుల్లో ఇల్లు, తిండి, రక్షణ అన్నీ చూసుకున్నది వాలంటీన్ డి కెర్వెన్ అనే పెద్దావిడ. ఆవిడ లేకపోతే ఆయన గతేమిటి?

ఇంత దూరం పోనక్కర్లేదు. బస్తర్‌లోనే దీనికి తరాలనాటి ఏర్పాటుంది. డెబ్బై అయిదు రోజుల బస్తర్ దసరాలో ‘జోగి బిఠాయి’ అనే తంతు ఉంది. హల్బా తెగకు చెందిన ఒక యువకుడు జగదల్‌పూర్‌లోని సిరహాసార్ భవనంలో గొయ్యిలో కూర్చుని తొమ్మిది రోజులు తపస్సు చేస్తాడు. తొమ్మిదో రోజు గడిచాక ‘జోగి ఉఠాయి’ జరిపి లేపుతారు. అంతకుముందు ‘కాఛన్ గాది’ నాడు ముళ్ల ఊయల మీద పడుకున్న చిన్నపిల్లను దేవత పూనుతుంది, అనుమతి చెప్పగానే పెద్దలు దింపుతారు. పూనకం వేరు, కుండలిని వేరు, రెండిటినీ కలిపేయడం తొందరపాటు. కానీ ఏర్పాటు చూడండి. ఎప్పుడు మొదలవ్వాలో, ఎప్పుడు ముగియాలో లెక్కుంది. చుట్టూ మనుషులున్నారు. లేపే బాధ్యత ఎవరిదో అందరికీ తెలుసు. ఫోన్‌లో వీడియో చూసి గదిలో తలుపేసుకుని కూర్చున్న సాధకుడికి వీటిలో ఏ ఒక్కటీ లేదు. ఈ కాలపు సాధనలో అసలు ప్రమాదం శక్తి లేవడంలో కంటే ఈ ఒంటరితనంలో ఉంది.

ఎవరిని పిలవాలి? గొప్ప జ్ఞాని అక్కర్లేదు. భయపడనివారు, ప్రచారం చేయనివారు, పక్కన పడుకుని మీరు లేస్తే లేచేవారు చాలు. అక్క కావచ్చు, బాబాయి కావచ్చు, చిన్ననాటి స్నేహితుడు కావచ్చు. ఊరి వడ్డె (పూజారి) మీద ఇంట్లోవాళ్లకు గురి ఉంటే ఆయన్నీ పిలవండి. కొట్టడం, పొగబెట్టడం, పస్తుంచడం లాంటివి మాత్రం ఒప్పుకోకండి. ఇలా చెప్పవచ్చు: “అక్కా, పదిరోజులుగా నిద్ర పట్టట్లేదు. ధ్యానం వల్లనేమో అనుకుంటున్నా. ఆపేశాను. నాలుగు రాత్రులు మా ఇంట్లో పడుకో. నేను తినకపోతే తిట్టి పెట్టు.” ఈ నాలుగు మాటల్లో అక్కకు బెదురు పుట్టించేదేమీ లేదు.

4. తిండి, నేల, చేతిపని

మూడు పూటలకు బదులు కొద్దికొద్దిగా అయిదారుసార్లు తినండి. రాగి జావ, పప్పన్నం, పెరుగు. చేపా మాంసం అలవాటున్నవాళ్లు ఇప్పుడు మానడం మంచిది కాదు. ఏకాదశి ఉపవాసాలు వాయిదా వేయండి. నిద్ర రావడం లేదని ఇప్పసారా పట్టించేవాళ్లుంటారు. అది పడుకోబెట్టినట్టే పడుకోబెట్టి అర్ధరాత్రి లేపుతుంది. గంజాయి అసలే వద్దు, ఉన్న భయాన్ని పదింతలు చేస్తుంది. చెప్పుల్లేకుండా పొలం గట్టున నడవండి. కట్టెలు కొట్టండి, నీళ్లు మోయండి. శరీరం అలిసి పడుకున్న నిద్రకు సాటి లేదు.

5. తొందరపడి పేరు పెట్టకండి, బిరుదు తగిలించుకోకండి

ఇద్దరు కృష్ణమూర్తులనూ పక్కపక్కన పెట్టి చూస్తే ఒక విశేషం కనిపిస్తుంది. జరిగినదానికి లోకం కుండలిని అని పేరు పెట్టింది. జె.కె. తన బోధలో దాన్ని దాదాపు ఎత్తనే లేదు. యు.జి. అయితే తనకు జరిగినదాన్ని ‘విపత్తు’ అన్నాడు, అది కేవలం శరీరానికి సంబంధించిందన్నాడు, ప్రయత్నంతో ఎవరూ తెచ్చుకోలేరన్నాడు. 1929 ఆగస్టు 3న హాలెండ్‌లోని ఒమెన్‌లో జె.కె. తన కోసమే కట్టిన ‘ఆర్డర్ ఆఫ్ ది స్టార్’ను తనే రద్దు చేశాడు. జగద్గురువు పీఠం సిద్ధంగా ఉండగా దిగిపోయాడు.

మరి మూడు రోజులు వెన్ను వేడెక్కగానే నలుగురిని పోగేసి శక్తిపాతం ఇస్తామనడం ఎందుకు? ఉద్యోగం మానేసి, పొలం అమ్మేసి ఆశ్రమం పెడతాననడం ఎందుకు? అనుభవం గొప్పదే కావచ్చు. ఆ వేడిలో తీసుకున్న నిర్ణయాలు మాత్రం తర్వాత కుటుంబం మొత్తం మోయాల్సి వస్తుంది. ఆరు నెలలపాటు పెద్ద నిర్ణయం ఏదీ తీసుకోనని తోడున్నవారికి మాటివ్వండి. భూమి, డబ్బు, పెళ్లి, ఉద్యోగం నాలుగూ ఇందులోకే వస్తాయి.

6. లేచింది పాత భయమేమో చూడండి

బాసగూడ ప్రాంతంలో ఈ మాట చెప్పకుండా ధ్యానం గురించి రాయడం అన్యాయం. 2005లో మావోయిస్టులకు వ్యతిరేకంగా సల్వాజుడుం మొదలయ్యాక ఆ చుట్టుపక్కల ఊళ్లకు ఊళ్లే ఖాళీ అయ్యాయి. ఎన్నో కుటుంబాలు అప్పటి ఖమ్మం జిల్లా అడవుల్లోకి వచ్చి ఏళ్లపాటు ఉండిపోయాయి. 2012 జూన్ 28 రాత్రి దగ్గర్లోని సార్కెగూడలో భద్రతా దళాల కాల్పుల్లో పదిహేడు మంది చనిపోయారు. వాళ్లు మావోయిస్టులనడానికి రుజువు లేదని న్యాయవిచారణ కమిషన్ చెప్పిన సంగతి 2019లో గానీ బయటికి రాలేదు. ఆ రోజులు చూసిన పిల్లలు ఇప్పుడు యువకులు. వాళ్లలో ఎవరైనా కళ్లు మూసుకుని మౌనంగా గంట కూర్చుంటే ముందు లేచేది ఏమిటి?

వణుకు, ఉలికిపాటు, నిద్రలేమి, ఛాతీ బిగుసుకోవడం. ఇవి భయం శరీరంలో గూడు కట్టుకున్నప్పుడు కూడా కనిపిస్తాయి. 2017లో అమెరికాలో జేరెడ్ లిండాల్, విలబీ బ్రిటన్ బృందం అరవై మంది ధ్యాన సాధకులతో మాట్లాడి, 59 రకాల అనుభవాలను నమోదు చేసింది. నిద్రలేమి, భయం, వాటంతటవే వచ్చే కదలికలు, పాత గాయాలు మళ్లీ తెరుచుకోవడం అన్నీ వాటిలో ఉన్నాయి. మీకు కళ్లు మూయగానే పాత దృశ్యాలు వస్తుంటే కళ్లు తెరిచే ఉంచండి. ఒంటరి ధ్యానం బదులు పదిమందితో కలిసి భజనో, రేలా పాటో పాడండి. మాట్లాడగల మనిషి దొరికితే ఆ రోజుల గురించి మాట్లాడండి.

7. ఇవి కనిపిస్తే ఆలోచించకుండా ఆసుపత్రికి

మూడు రాత్రులు వరసగా నిద్ర లేదు, అయినా అలసటే తెలియడం లేదు. తిండీ నీళ్లూ మానేశారు. చావమనో చంపమనో గొంతులు వినిపిస్తున్నాయి. తానే దేవుణ్ణని నమ్మి ఉన్నదంతా పంచేస్తున్నారు. స్పృహ తప్పి కొట్టుకుంటున్నారు. వీటిలో ఏది కనిపించినా బీజాపూర్ జిల్లా ఆసుపత్రికి గానీ, తెలుగు మాట్లాడేచోటు కావాలంటే భద్రాచలం గానీ తీసుకెళ్లండి. వెళ్లేలోపు 14416కు ఫోన్ చేయండి. 2022 అక్టోబరులో కేంద్రం ప్రారంభించిన టెలిమానస్ నంబరు అది. ఖర్చు లేదు, రాత్రీపగలూ పలుకుతారు, తెలుగులో మాట్లాడవచ్చు.

డాక్టరు నవ్వుతారేమోనన్న సంకోచమా? ఆధ్యాత్మిక సంక్షోభాన్ని జబ్బుల లెక్కలో కలపకుండా విడిగా చూడవచ్చని అమెరికా మానసిక వైద్యుల గ్రంథమే 1994 నుంచి ఒప్పుకుంది. ఏ సాధన, ఎన్నాళ్లు, రోజుకు ఎంతసేపు చేశారో దాచకుండా చెప్పండి. మందు ఇస్తే వాడండి. నిద్రకు నాలుగు రోజులు మాత్ర వేసుకుంటే లేచిన శక్తి పడిపోతుందన్న భయం పెట్టుకోకండి.

ఇన్ని కష్టాలున్నప్పుడు ఈ దారి ఎందుకు?

దాటివచ్చినవాళ్లకు ఫలం ఉంది కాబట్టి. ఓహైలో మొదటి రోజు రోడ్డు బాగుచేస్తున్న కూలీని చూస్తూ ఆ మనిషీ, అతని చేతిలోని గునపం, పగులుతున్న రాయి, పక్కన గడ్డిపోచ అన్నీ తనే అయినట్టు తోచిందని జె.కె. రాసుకున్నాడు. ఆ చూపు ఆయన్ని వదల్లేదు. పుట్టిన ఊరికి దగ్గర్లోని రిషివ్యాలీ బడిలో పిల్లలతో గంటలకొద్దీ మాట్లాడే ఓపిక, తొంభై ఏళ్ల వయసు దాకా దేశదేశాలు తిరిగిన బలం, అన్నిటికీ ఆ రాత్రులే కారణమని ఎవరూ నిరూపించలేరు. కానీ ఆ రాత్రులు ఆయన్ని విరగ్గొట్టలేదు. గోపీకృష్ణ విషయంలో పన్నెండేళ్ల బాధ తర్వాత 1949లో ఉన్నట్టుండి కవిత్వం పొంగింది. అప్పటిదాకా ఆయన కవి కాడు.

మీ విషయంలో ఫలం ఇంకా మామూలుగా కనిపించవచ్చు. చిన్నమాటకు భగ్గుమనే కోపం తగ్గిందా? అత్తతో, అన్నతో ఏళ్లనాటి పట్టుదల సడలిందా? ఎదుటివాళ్లు చెప్పేది పూర్తిగా వినగలుగుతున్నారా? పనిలో మనసు నిలుస్తోందా? కాంతులు, రంగులు, గంటల శబ్దాలు వస్తాయి, పోతాయి. వాటి లెక్క రాసుకోవడం మానేసి ఈ మార్పుల లెక్క రాసుకోండి. లేదంటే మీ తోడును అడగండి. మీకంటే ముందు వాళ్లకే తెలుస్తుంది.

మళ్లీ సాధన ఎప్పుడు మొదలుపెట్టాలి?

కనీసం నెల రోజులపాటు మంచి నిద్ర, వేళకు ఆకలి, రోజువారీ పని సాఫీగా సాగాక. అప్పుడైనా గురువు ఎదురుగా ఉంటేనే ప్రాణాయామం. లేకపోతే పది నిమిషాలు, కళ్లు సగం తెరిచి, మామూలు శ్వాసను గమనించడం ఒక్కటే. మాస్టర్ సి.వి.వి. యోగ మార్గంలోని వారు పొద్దున ఆరింటికి, సాయంత్రం ఆరింటికి ప్రార్థన పెట్టుకున్నట్టు వేళ ఒకటి ఖాయం చేసుకోండి, దాటనివ్వకండి. అర్ధరాత్రి సాధన వద్దు. తలుపు గడియ వేయొద్దు. ఏ రాత్రయినా నిద్ర తగ్గిందనిపిస్తే మర్నాడు ఆ పది నిమిషాలూ మానేసి, కడుపునిండా తిని, సంతరోజైతే తోడును వెంటబెట్టుకుని సంతకు వెళ్లిరండి.